డాక్టరుగారి బొమ్మలు చూడబోయి

షోలాపూరు మనవారికి బొంబాయి ప్రయాణమంటే సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సే. రాత్రి భోజనం చేసి, చద్దరు భుజాన వేసికొని స్టేషనుకు పోవడం, కుర్డువాడి రాకముందే నిద్రపోవడం, కళ్యాణ్‌లో చాయ్ కేకలకు లేవడం, ఇంతే. మా వంశంలో ఈ దారిన పోయినవారందరూ ఏదో అక్కర మీద పోయినవారే. గిరణిలో పని దొరికిందని ఒకరు, పెద్ద దవాఖానాలో చూపించుకోవాలని ఒకరు, పెండ్లి సంబంధమని ఇంకొకరు. బొమ్మలు చూడడానికని టిక్కెట్టు కొన్నది మాత్రం మేమే మొదటివారము కాబోలు.

అది 2020 జనవరి నెలాఖరు. మా ఊళ్ళో సిద్ధేశ్వరుని జాతర ముగిసి, కోవెల ముందరి దుకాణాలు ఇంకా ఎత్తలేదు. మేము, మా ఇంటావిడ, మా అబ్బాయి, ముగ్గురం బయలుదేరాము. అబ్బాయి అప్పుడు సర్కారీ మెడికల్ కాలేజీలో రెండవ సంవత్సరం చదువుతున్నాడు. అంతకుముందు దీపావళి సెలవులకు ఇంటికి వచ్చినవాడు, తిరిగిపోవలసిన రోజున సంచి సర్దకుండా కూర్చున్నాడు. ఏమిరా అంటే, "నాయనా, నేను ఆ చదువు చదవను, బొమ్మలు వేసుకుంటాను" అన్నాడు.

మన పాఠకులలో మగ్గాల ఇండ్లవారు ఎందరో ఉన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎట్లా పడి ఉంటుందో వారికి చెప్పనక్కరలేదు. మా నాయన సాంచలు నడిపినాడు. మా అమ్మ బీడీలు చుట్టింది. మేము మెట్రిక్ గట్టెక్కి ఆఫీసులో గుమాస్తా కుర్చీ సంపాదించినందుకే ఆమె వాడకట్టంతా పేడాలు పంచింది. అట్టి ఇంట్లో పిల్లవాడికి డాక్టరు సీటు వచ్చిందంటే అది ఒక్క మా ఇంటి సీటా? ఎదురింటివారి పిల్లకు జ్వరం వస్తే "మన డాక్టరును అడుగుదాం, సెలవులకు రానీ" అనడం అప్పటికే మొదలైంది.

అన్నట్లు మా జిల్లాకు ఈ రెండు విద్యలూ కొత్త కాదు. చైనా యుద్ధభూమిలో రోగులకు సేవచేసి 1942లో అక్కడనే కన్నుమూసిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1910లో పుట్టింది మా షోలాపూరులోనే. ఎమ్. ఎఫ్. హుసేన్ పుట్టింది మా జిల్లా పంఢరపురంలో. కాని షోలాపూరు తల్లులు పిల్లలకు చెప్పేది కోట్నిస్ కథే. హుసేన్ పేరెత్తి "నువ్వూ అట్లా కావాలి నాయనా" అన్న తల్లిని మేము చూడలేదు.

సంక్రాంతిదాకా ఆలోచిద్దామని వాడిని బుజ్జగించి కాలేజీకి పంపించాము. ఆ మధ్యలోనే మా ఆఫీసులో ఒక మరాఠీ మిత్రుడు పేపరు ముక్క తెచ్చి ఇచ్చాడు. బొంబాయి నేషనల్ గ్యాలరీలో సుధీర్ పట్వర్ధన్ అనే చిత్రకారుని జీవితకాలపు చిత్రాల ప్రదర్శన జరుగుతున్నదని అందులో ఉన్నది. ఆయన పుణేలో 1949లో పుట్టారు. అక్కడి సైనిక వైద్య కళాశాలలో 1972లో పట్టం పుచ్చుకొన్నారు. మరుసటి యేడు బొంబాయి చేరి, 1975నుండి 2005దాకా ఠాణేలో ఎక్స్‌రే డాక్టరుగా పనిచేశారు. ఏ చిత్రకళాశాలలోనూ చేరలేదు. తనంతట తాను నేర్చుకొని, డాక్టరు పని చేస్తూనే బొమ్మలు వేసి, 1979లో ఢిల్లీలో మొదటి ప్రదర్శన పెట్టారు. 2005లో వైద్యం చాలించి పూర్తిగా కుంచె పట్టారు.

అది చదివి మేము పొందిన ఆనందం ఇంతంత కాదు. ముప్పది సంవత్సరాలు! పొద్దున దవాఖానా, సాయంత్రం బొమ్మలు. పిల్లవాడికి చూపించవలసిన మనిషి దొరికినాడని ఆ ముక్కను మడిచి జేబులో పెట్టుకొన్నాము. ఉత్తరాలు, అర్జీలు ఫైలు చేసే మాకు సాక్ష్యం దొరికితే వదిలే అలవాటు లేదు.

రైల్లో దీపాలు ఆర్పకముందు ఆ ముక్కను వాడి చేతిలో పెట్టాము. వాడు చదివి, తన సాక్షిని తాను తీశాడు. ఫ్రాన్సులో బాజీల్ అని ఒకడుండేవాడట. మోంపెలియే అనే ఊరివాడు. 1862లో వైద్యం చదవడానికని పారిస్ పోయి, అక్కడ మోనే, రెన్వార్‌ల స్నేహంలో పడి, 1864లో వైద్యపరీక్ష తప్పి, చదువు చాలించి చిత్రకారుడైనాడు.

"వాళ్ళ నాయన ఏం చేసేవాడు?" అని అడిగాము.

"ద్రాక్షతోటలు ఉండేవి. కలిగినవాళ్ళు."

"మనకు ఏ తోటలున్నయిరా?"

వాడు మాట్లాడలేదు. తరువాత ఏమైనాడు ఆ పిల్లవాడు అని మా ఇంటావిడ పై బెర్తుమీదినుండి అడిగింది. 1870 యుద్ధంలో సైన్యంలో చేరి, ఇరవై తొమ్మిదవ యేడు నిండకముందే చనిపోయినాడని వాడు చెప్పాడు. తండ్రి యుద్ధభూమికి పోయి శవాన్ని వెతికి సొంత ఊరికి తెచ్చుకొన్నాడట. "ఇక పడుకోండి ఇద్దరూ" అన్నది ఆమె. మేము చాలాసేపు పడుకోలేదు. ద్రాక్షతోటల మాట అనకుండా ఉండవలసింది.

తెల్లవారేసరికి బండి ఖండాలా కనుమ దిగి కళ్యాణ్ దాటింది. ఠాణే వచ్చింది. మన దేశంలో మొదటి ప్రయాణీకుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్‌నుండి వచ్చి ఆగిన ఊరు ఇదే. ఇదివరకు ఎన్నిసార్లు ఈ స్టేషను మీదుగా పోయినా ఆ సంగతి ఒక్కటే గుర్తువచ్చేది. ఈసారి మాత్రం ప్లాట్‌ఫారం మీద తోసుకొంటున్న జనాన్ని చూచి, ఇందులో ఎందరి గుండెలను, ఎందరి విరిగిన ఎముకలను ఆ డాక్టరుగారు వెలుతురుకు పట్టి చూచి ఉంటారో అనుకొన్నాము. కొండలు, ఫ్యాక్టరీలు, మీదికి లేస్తున్న ఇండ్ల గుట్టలు, ఇదంతా ఆయన బొమ్మల్లోకి వచ్చింది. 1992లో వేసిన ఒక పెద్ద చిత్రానికి పేరు 'పోఖరణ్'. రాజస్థాన్‌ది కాదు సుమా, ఠాణేలోని పోఖరణ్ రోడ్డు ప్రాంతం.

దాదర్‌లో దిగి డిలైల్ రోడ్డులో ఉన్న మా మేనమామ ఇంటికి చేరాము. ఆయన 1965లో షోలాపూరు విడిచి బొంబాయి గిరణిలో నేత ఖాతాలో చేరినవాడు. ఒకే గది, దానిలోనే వంటిల్లు, దానిలోనే దేవుడు. స్నానాలు చేసి, అత్తమ్మ పెట్టిన జొన్నరొట్టె, సెనగపిండి కూర తిని, మేము ఫోర్టుకు బయలుదేరాము. మామ రాలేదు. "ఎవరివో బొమ్మలు నాకెందుకు అల్లుడా, పోరగాని బొమ్మలైతే చూస్త" అన్నాడు.

గ్యాలరీ ఉన్న కట్టడం పాతది, 1911లో కట్టిన కావస్‌జీ జెహాంగీర్ హాలు. 1996నుండి ప్రభుత్వ చిత్రశాల. బయటినుండి చూస్తే గంభీరమైన రాతి మేడ. లోపల అంతస్తులు అంతస్తులుగా మలుపు తిరిగి పైన గుమ్మటందాకా పోతుంది. టిక్కెట్టు తీసికొని లోపలికి పోయేసరికి మా ఇంటావిడ చెప్పులు విడవబోయింది. కాపలామనిషి నవ్వి వద్దన్నాడు.

మేము చిత్రకళ తెలిసినవారము కాము. అయినా ఒక మాట చెప్పగలము. పెద్ద పెద్ద చిత్రశాలల్లో రాజులు, దేవతలు, లేదా ఏమీ తెలియని రంగుల మరకలు ఉంటాయని అనుకొని పోయినవారికి ఇక్కడ ఆశ్చర్యం కలుగుతుంది. ఇక్కడ ఉన్నది జనం. లోకల్ బండిలో నిలబడ్డవారు, హోటలు బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్నవాడు, ఇల్లు కట్టే కూలీలు, మురికికాలువ పక్కన బ్రతికేవారు. ఆయనకు పేరు తెచ్చిన చిత్రాల పేర్లే చూడండి: 1977లో 'ఇరానీ రెస్టారెంట్', 1980లో 'ట్రెయిన్', 1984లో 'టౌన్', 1985లో 'నల్లా'. యౌవనంలో మార్క్స్ భావాలు పట్టుకొన్నవారట. అది సరే, ఎర్రజెండా బొమ్మలు వేసినవారు చాలామంది ఉన్నారు. వారి కూలీలు పిడికిలి ఎత్తి నిలబడతారు. ఈయన కూలీలు డ్యూటీ అయిపోయి అలసి ఇంటికి పోతున్నవారు. ఆ భుజాల వాలు మాకు తెలుసు. మా నాయన రాత్రిపాళీ ముగించి ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు అట్లానే ఎక్కేవాడు.

"వీళ్ళంతా మనవాళ్ళే గదా" అన్నది మా ఇంటావిడ మెల్లగా.

అబ్బాయి ఒక్కొక్క చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒకచోట మమ్మల్ని పిలిచి, "చూడు నాయనా, ఈ మెడ ఎట్లా నిలబడ్డదో. చర్మం కింద ఎముక ఎక్కడున్నదో తెలిసినవాడు తప్ప ఇట్లా వేయలేడు" అన్నాడు.

ఇంతకంటె మంచి అదను మాకు ఎప్పుడు వస్తుంది? "మరి ఆ ఎముక ఎక్కడ నేర్చుకొన్నాడు? నీలాగా రెండో యేట మానుకొంటే తెలిసేదా?" అన్నాము.

వాడు ఆ మాట కాదనలేదు. కొంచెంసేపు ఊరుకొని లెక్క కట్టాడు. "1949లో పుట్టినాడు. 2005లో మానినాడు. యాభై ఆరేండ్లు. నాయనా, యాభై ఆరు వచ్చేదాకా నన్ను ఆగుమంటరా?"

పేపరు ముక్కలో ఉన్న తేదీలే అవి. మేమే మడిచి తెచ్చుకొన్నవి. ముప్పది సంవత్సరాలు అన్నది మాకు స్థిరంగా, గట్టిగా, పింఛను మాటలాగా వినిపించింది. వాడికి వేరుగా వినిపించింది. ఎవరికి ఎట్లా వినిపించినా, ఆ డాక్టరుగారు ఆ ముప్పది యేండ్లు ఎదురుచూస్తూ కూర్చోలేదు గదా, బొమ్మలన్నీ అప్పుడు వేసినవే గదా అని మాకు తోచింది. కాని అది తోచింది మెట్లు దిగిన తరువాత. మేము ఆఫీసులో కూడా అంతే, సరైన జవాబు టపా పోయిన తరువాత తడుతుంది.

బొంబాయిలో ఇటువంటివారు ఈయన ఒక్కరే కారని ఆ తరువాత తెలిసింది. గీవ్ పటేల్ అని పార్సీ డాక్టరుగారు ఉండేవారు. ఇంగ్లీషు కవి, నాటకకర్త, చిత్రకారుడు. చెట్టును నరకడం గురించి ఆయన వ్రాసిన పద్యం పిల్లల పాఠ్యపుస్తకాలలో కూడా ఉన్నది. ఆయనా 2005దాకా రోగులను చూస్తూనే ఉన్నారు. 2023లో పోయారు.

మధ్యాహ్నం లోకల్ బండిలో లోయర్ పరేల్‌లో దిగాము. పట్వర్ధన్‌గారు 2001లో వేసిన ఒక చిత్రానికి ఈ పేటదే పేరు. అబ్బాయి దాన్ని ఫోనులో పెట్టుకొని, ఆ చోటు ఏదో చూడాలన్నాడు. కాని నిలబడి చూడడానికి చోటే లేదు. డిలైల్ వంతెనను 2018 జులైలో మూసివేసి, ఆ మరుసటి యేడు విప్పేశారు. మేము పోయేసరికి పట్టాల మీద ఖాళీ, అటూ ఇటూ రేకుల అడ్డు, జనమంతా ఇరుకు దారిన ఒకరి వెనుక ఒకరు. గిరణీల పొగగొట్టాలు ఒకటి రెండు మిగిలినాయి. ఫీనిక్స్ మిల్లు 1905లో పుట్టి, ఇప్పుడు అద్దాల బజారు. బట్ట నేసినచోట బట్ట అమ్ముతున్నారు, ధర అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

ఈ పేటలో ఒకప్పుడు తెలుగు ఎంత వినిపించేదో పాతవారికి తెలుసు. పాలమూరు, నల్లగొండ, కరీంనగరు జిల్లాల వారు, మా షోలాపూరువారు, వర్లీ, పరేల్ చాళ్ళలో గదికి పదిమంది చొప్పున ఉండి పాళీలు చేసినారు. అంతకు ఎంతో ముందు మేడలు కట్టడానికి వచ్చిన మన కామాఠీల పేరు మీదనే కామాఠీపురా వెలిసింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సమ్మె మొదలైంది. రెండున్నర లక్షలమంది పని ఆపినారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ చెప్పలేదు. గిరణీలే ముగిసినాయి.

సాయంత్రం మామ గదిలో కూర్చున్నాము. సంగతి అంతా ఆయనకు అంతకుముందే తెలుసు. బంధువుల్లో ఏ సంగతి దాగుతుంది? "ఏమిరా, డాక్టరు కొలువు వద్దన్నవంట?" అని నవ్వి, అలమరలోనుండి ఒక డబ్బా తీశాడు. అందులో గిరణి హాజరు టిక్కెట్టు. "ఇగో, రేపు తెరుస్తరు, ఎల్లుండి తెరుస్తరు అని పదేండ్లు దీన్ని జేబుల పెట్టుకొని తిరిగిన. వేరే పని నేర్చుకొమ్మని మీ అవ్వ మొత్తుకున్నది. నేను వినలే." తరువాత ఆయన దాదర్ ఫుట్‌పాత్ మీద బనీన్లు అమ్మినాడు.

అది విని, మామ మా పక్షమా, పిల్లవాడి పక్షమా అని ఆలోచిస్తున్నాము. ఆయన అంతలోనే ఆ మాట వదిలేసి, "నన్నొకసారి వేయరాదు, చూస్త" అని కాళ్ళు మడిచి చాప మీద కూర్చున్నాడు. అబ్బాయి పుస్తకం తీశాడు. అరగంట. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్తమ్మ కూడా పొయ్యి తగ్గించి నిలబడింది. ముఖం దిగింది, నుదుటి ముడతలు, జారిన కంటిరెప్ప, మోకాలి మీద పెట్టిన కుడిచేయి. మా కండ్లకు మామ అచ్చంగా దిగినాడు.

మామ బొమ్మను దూరంగా పట్టుకొని చూచాడు. దగ్గరికి తెచ్చి చూచాడు. తరువాత కుడిచేయి ఎత్తి వాడి ముఖం ముందు పెట్టాడు. చూపుడువేలికి కొస కణుపు లేదు. సాంచలో పోయింది, 1971లోనో, 72లోనో. బొమ్మలో అయిదు వేళ్ళూ నిండుగా ఉన్నాయి.

"నువ్వు డాక్టరువా, బొమ్మలోడివా? వేలు లేనిది ఎవరికీ కానరాలేదేందిరా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. అత్తమ్మ కూడా నవ్వింది. వాడి ముఖం మాత్రం నల్లబడింది. అరగంటసేపు ఆ చేతినే చూస్తూ కూర్చున్న పిల్లవాడు. ఆ మాటకొస్తే ఆ చేయి మమ్మల్ని చిన్నప్పుడు ఎత్తుకొన్నది, మాకూ బొమ్మలో తప్పు తెలియలేదు. వాడు రబ్బరు తీసి చెరపబోతే మామ పుస్తకం లాగుకొన్నాడు. "ఉండనీ. ఈ బొమ్మల నాకు వేలు వచ్చింది, ఎందుకు తీస్తవ్?"

తిరుగు ప్రయాణంలో ఎవరమూ చదువు మాట ఎత్తలేదు. వాడు తన బెర్తు మీద కూర్చొని ఎదుటి బెర్తులో నిద్రపోతున్న మనిషి చేతిని వేస్తున్నాడు. సోమవారం కాలేజీకి పోయినాడు. మేము పొమ్మనలేదు.

తరువాతిది త్వరగా చెప్పవచ్చును. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కాలేజీ మూసినారు, మా వాడలో సాంచల చప్పుడు ఆగింది. పుట్టినప్పటినుండి ఆ చప్పుడులోనే పడుకొన్నవారము, నిద్ర పట్టలేదు. అబ్బాయి మేడమీద కూర్చొని, కనిపించిన ప్రతివారి చేతులనూ వేశాడు. బీడీ చుట్టే చేయి, కండెలు మార్చే చేయి, గోడమీది నుండి ఉల్లిగడ్డలు అందిస్తున్న చేయి. 2021లో రెండవసారి జబ్బు ఉధృతంగా వచ్చినప్పుడు మామ పోయినాడు. మేము పోలేకపోయినాము. అబ్బాయి చదువు ముగించాడు, ఇంటర్న్‌షిప్ చేశాడు, ఒక యేడు పల్లెటూరి ప్రభుత్వ దవాఖానాలో పనిచేశాడు. పై చదువు పరీక్షకు కూర్చోలేదు. ఇప్పుడు మా వాడకు దగ్గరలో ఒక దవాఖానాలో మధ్యాహ్నందాకా రోగులను చూస్తాడు. ఆ తరువాత మేడమీద తలుపు వేసికొంటాడు. దవాఖానా ఎప్పుడో ఒకప్పుడు చాలిస్తానని చెప్పనే చెప్పాడు. ఏ సంవత్సరమో చెప్పడు. వాళ్ళమ్మ రేకుల మేడ తుడిచి, రంగు గిన్నెలు కడిగి పెడుతుంది గాని, ఎం.డి. ఎందుకు చదవలేదని వారానికి ఒకసారి తప్పకుండా అడుగుతుంది. చుట్టాలు మమ్మల్ని అడుగుతారు. ఒకప్పుడు ఆ పేపరు ముక్క చూపించేవారము, ఇప్పుడు అది మడతల దగ్గర చిరిగింది.

మొన్నటి చలికాలంలో అత్తమ్మను చూడడానికి ముగ్గురమూ మళ్ళీ పోయినాము. గోడమీద మామ ఫోటో, దండ, దాని పక్కనే ఆనాటి బొమ్మ పటం కట్టించి ఉన్నది. అయిదు వేళ్ళతో. అబ్బాయి దానివైపు ఒక్కసారి చూచి తల తిప్పుకొన్నాడు.

డిలైల్ వంతెన కొత్తది కట్టి 2023 నవంబరులో పూర్తిగా తెరిచారు. తిరిగివచ్చేటప్పుడు వాడు దానిమీద ఆగి, "నాయనా, ఒక అరగంట" అని పుస్తకం తీశాడు. సాయంత్రపు జనం మా భుజాలకు తగులుతూ పోతున్నారు. అరగంట గంట అయింది. బండి టైము అడిగింది మా ఇంటావిడ. సిద్ధేశ్వర్ రాత్రి పదిన్నర తరువాతనే గదా అని చెప్పి, మేము సంచులు కాళ్ళ దగ్గరకు లాక్కొని నిలబడ్డాము.